ఏడుపుకు ఆంగ్లానువాదం

అనువాదకుడికి కాగితం మీద ఉన్నదే లోకమని, కాగితం అంచు దాటి తొంగిచూసినవాడు అనువాదకుడు కాడు, వకీలని రామమోహన్ గారి అభిప్రాయం. ఉద్యోగంలో ఉన్నంత కాలమూ ఆ అభిప్రాయాన్ని ఆయన సడలనివ్వలేదు. ఆంధ్ర దేశంలో ఒక జిల్లా న్యాయస్థానంలో, సాక్షుల వాంగ్మూలాలను తెలుగు నుండి ఆంగ్లంలోకి మార్చే శాఖలో గుమాస్తాగా చేరి, ఆ శాఖకు అధికారిగా పదవీ విరమణ చేశారు. ఆయన సంతకం చేసిన అనువాదాన్ని ఏ న్యాయమూర్తీ వెనక్కి పంపలేదన్నది ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతి. తెలియని వారెవరైనా తారసపడితే ఆయనే తెలియజేసేవారు.

దోహాలో ఇంజనీరుగా ఉన్న కొడుకు అమర్ దగ్గరకు భార్యతో సహా వచ్చి ఉంటున్నప్పుడు కూడా ఆయన పద్ధతి మారలేదు. అల్ ముంతజాలో వాళ్ళ ఫ్లాటు హాలులో కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద రెండు నిఘంటువులు, సిరా కలం. ఇస్త్రీ చొక్కా తొడుక్కోనిదే ఆ బల్ల ముందు కూర్చునేవారు కారు. చుట్టుపక్కల తెలుగువాళ్ళు పుట్టుక పత్రాలో, పెళ్ళి పత్రాలో తెచ్చి ఇస్తే ఉచితంగా అనువదించి ఇచ్చేవారు. ఇచ్చేటప్పుడు ఆ పత్రాలు వ్రాసిన పంచాయతీ గుమాస్తా చేసిన తప్పులను కూడా ఒక్కొక్కటిగా వివరించి పంపేవారు.

ఒక మంగళవారం సాయంత్రం అమర్ ఆఫీసు నుండి వస్తూ ఒక టైపు కాగితం తెచ్చాడు.

"నాన్నగారూ, ఇది మా కంపెనీ వాళ్ళు ఇచ్చారు. రేపు పొద్దున్నకల్లా ఇంగ్లీషులో కావాలట. బిర్కత్ అల్ అవామిర్‌లో మా లేబర్ క్యాంపు ఉంది చూడండి, అక్కడ జలంధర్ అని ఒకతను, తాపీ పని చేసేవాడు, మొన్న చనిపోయాడు. జగిత్యాల దగ్గరి పల్లె. ఇవి వాళ్ళ అమ్మ మాటలు. వాళ్ళ అన్న గజేందర్ కూడా ఇక్కడే..."

రామమోహన్ గారు చెయ్యి ఎత్తి ఆపారు. "చాలు. అన్న సంగతి, తమ్ముడి సంగతి నాకు వద్దు."

"అది కాదు నాన్నగారూ, కొంచెం తెలిస్తే మీకు..."

"తెలిస్తే కలం ఒక పక్కకు ఒరుగుతుంది. కాగితం ఇచ్చి వెళ్ళి కాళ్ళు కడుక్కో."

వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న శకుంతలమ్మ కొడుకు వైపు చూసి, "చెప్పకురా. చెబితే ఆయన నిఘంటువులు అలుగుతాయి" అన్నది. అమర్ నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

కాగితం పైన 'మృతుడు జలంధర్ తల్లి చిన్నవ్వ చెప్పిన మాటలు' అన్న శీర్షిక ఉంది. దాని కింద టైపు చేసిన మాటలు ఇవి.

'గజేందరూ, నువ్వే తోల్కపోతివి గద తమ్ముణ్ణి. వద్దు వద్దంటె ఇన్నవా. నీ చేతులల్ల వెడితి. తోల్కపోయి మింగితివి గద. ఇగ నీ కడుపు నిండెనా. కొండగట్టు అంజన్నా, కొండ మీద కూసున్నవు, నీకు కండ్లు లెవ్వా. ఏటేట నీ మెట్లు ఎక్కింది గిందుకేనా. ఓ ముసలోడా, నువ్వు ముందుగాల పోయి మంచిగ పండుకున్నవు. ఒక్కనివి ఉండలేక కొడుకును పిలుసుకుంటివా. జలంధరూ, మోసగానివి నువ్వు. దసరకు వస్తనంటివి, పెట్టెల వస్తనని చెప్పకపోతివి. నేనే గద సంచి సర్దింది. నా కొడుకును నేనే సంపుకున్న.'

ఉత్తర తెలంగాణ మాండలికం ఆయనకు కొరుకుడుపడనిదేమీ కాదు. బదిలీ మీద హైదరాబాదులో కొంతకాలం ఉన్నప్పుడు ఆ జిల్లాల సాక్షుల మాటలు కూడా ఆయన చేతుల మీదుగా నడిచాయి. చిక్కు మాండలికంతో కాదు, సాక్షితోనే. విషయం చెప్పకుండా దేవుణ్ణి పిలిచే సాక్షులు ఆయనకు కొత్త కాదు. బోనులో నిలబడి స్వర్గస్థులను తలచుకుని వాపోయే వారికోసం శాఖలో ఒక సంప్రదాయం ఉండేది. 'సాక్షి రోదించినది' అని కుండలీకరణంలో ఒక్క ముక్క వేసి, రోదన పోగా మిగిలిన విషయాన్ని వరుస సంఖ్యలు వేసి వ్రాయాలి. న్యాయమూర్తి సమయం విలువైనది.

మరునాడు ఉదయం కాఫీ తాగి, చొక్కా మార్చుకుని ఆయన పనికి కూర్చున్నారు. అంజన్నకూ ముసలాయనకూ సంబంధించిన వాక్యాలు విషయానికి చెందవు. చనిపోయినవాణ్ణి మోసగాడనడం నింద కాదు, ఆవేదన. తానే చంపుకున్నాననడం తల్లి మాట, దానికి సాక్ష్యపు విలువ లేదు. ఇవన్నీ కుండలీకరణంలోకి వెళ్ళిపోయాయి. మిగిలింది గజేందర్ గురించిన ముక్క. తన పెద్ద కొడుకైన గజేందర్, తాను వారించినప్పటికీ తమ్ముణ్ణి తనవెంట తీసుకొని వెళ్ళెననీ, తీసుకొని వెళ్ళి అతని అంతమునకు కారకుడయ్యెననీ, అందువలన అతడు తృప్తి చెందెనా అని తాను ప్రశ్నించుచున్నాననీ అర్థం వచ్చే ఆంగ్ల వాక్యాలు తయారయ్యాయి. అవి నిటారుగా, ఇస్త్రీ పెట్టినట్లు ఉన్నాయి. 'మింగితివి' అన్న క్రియ దగ్గర ఆయన కాస్త ఆగి, మనుషులను మింగడం ఆంగ్లంలో నప్పదని, అర్థం చెడకుండా మార్చినందుకు తనను తాను మెచ్చుకున్నారు కూడా. సంతకం చేసి, ఆఫీసుకు బయలుదేరుతున్న అమర్ చేతికి ఇచ్చారు.

మధ్యాహ్నం భోజనాల వేళకు అమర్ ఇంటికి వచ్చాడు. సాధారణంగా వచ్చేవాడు కాడు.

"నాన్నగారూ, మీ అనువాదం చూసి గజేందర్ సెలవు ఆపేశారు."

"గజేందర్ ఎవరు?"

"మీ మొదటి వాక్యంలో ఉన్నాడు."

రామమోహన్ గారు కలిపిన ముద్దను కంచంలోనే వదిలారు. అమర్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఇప్పుడు మాత్రం తండ్రి చెయ్యి ఎత్తలేదు.

"చనిపోయింది గుండె ఆగి. ఆసుపత్రి వాళ్ళు వ్రాసి ఇచ్చారు. అందులో ఎవరికీ అనుమానం లేదు. కానీ అంతకు ముందు రోజు అన్నదమ్ములిద్దరూ మెస్సులో గట్టిగా అరుచుకున్నారు. తమ్ముడికి ఛాతీలో నొప్పిగా ఉంది, డ్యూటీకి పోవద్దని అన్న, పోతానని తమ్ముడు. అదీ గొడవని గజేందర్ చెబుతున్నాడు. విన్నవాళ్ళు నేపాలీలు, బంగ్లాదేశ్ వాళ్ళు. వాళ్ళకు అరుపు తెలుస్తుంది గానీ మాట తెలియదు కదా. క్యాంపులో ఎవరు పోయినా కంపెనీ ఒక రిపోర్టు వ్రాసి పైకి పంపాలి. అది చూసేది ఫర్హాన్ అని సిబ్బంది విభాగం ఆఫీసరు, కరాచీ మనిషి. గొడవ సంగతి ఆయన పక్కన పెట్టేసేవాడే. ఇంతలో తల్లే పెద్దకొడుకు మీద చెప్పిందని మీ కాగితం వెళ్ళింది."

"శవం?"

"రేపు సాయంత్రం విమానంలో పోతుంది. దానికి అడ్డం లేదు. దాని వెంట గజేందర్ పోవాలి. రిపోర్టు తేలేవరకు అతనికి సెలవు లేదంటున్నారు. తేలేసరికి అక్కడ తమ్ముడి కర్మకాండ అంతా అయిపోతుంది. పైగా ఊళ్ళో ఏమనుకుంటారు? తమ్ముణ్ణి చంపి కంపెనీకి దొరికిపోయాడనే అనుకుంటారు."

రామమోహన్ గారు కంచం పక్కకు జరిపారు. తరువాత, "కాగితంలో ఉన్నదే నేను వ్రాశాను" అన్నారు.

"నేను కాదనలేదు నాన్నగారూ."

"ఏదీ, ఆ కాగితం ఇటు ఇవ్వు" అని శకుంతలమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుని అందుకున్నది. కళ్ళజోడు సవరించుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. ఆమెది కృష్ణా తీరం. ఆ యాస ఆమె నోట ఎప్పుడూ పలికినది కాదు. అయినా రెండు ముక్కలు దాటేసరికి ఆమె గొంతు దానంతట అదే సాగింది. వాక్యం చివర ఆగవలసిన చోట ఆగకుండా పైకి లేచి, అక్కడి నుండి మెల్లగా దిగింది. 'నీ కడుపు నిండెనా' దగ్గరకు వచ్చి ఆమె చదవడం ఆపేసింది.

"ఇది ఏడుపండీ."

"ఏడుపు ఉన్న సంగతి నేను సూచించాను. కుండలీకరణంలో ఉంది చూడు."

"కుండలీకరణంలో ఏడవడమేమిటి? ఆసాంతం ఏడుపే. మీ నాన్నగారు పోయినప్పుడు మీ అక్కయ్య ఏమన్నదో గుర్తు లేదూ?"

"అది వేరు."

"ఏం వేరు? మీరు రైలు దిగి వీధి గుమ్మంలోకి వచ్చారో లేదో, ఎదురొచ్చి, 'వచ్చావా నాయనా, ఉద్యోగం ఉద్యోగమని నాన్నను చంపుకుని, ఇప్పుడు చూడడానికి వచ్చావా' అన్నది. వీధి వీధంతా విన్నది. ఎవరన్నా పోలీసుల దగ్గరకు వెళ్ళారా? ఆ పూటే మీకు పాలు కాచి, తాగేవరకు పక్కనే కూర్చున్నది."

అమర్ తల వంచుకుని నవ్వు దాచుకున్నాడు. రామమోహన్ గారికి ఆ వీధి గుమ్మం, ఆ పాల గ్లాసు రెండూ గుర్తుకు వచ్చాయి. ఆ రెంటికీ పొత్తు కుదరక అప్పట్లో ఆయన ఎంత తికమక పడ్డారో కూడా గుర్తుకు వచ్చింది.

"నాకు అప్పుడు కోపం వచ్చిన మాట వాస్తవం" అన్నారు.

"వచ్చింది. నెలల తరబడి మూతి ముడుచుకున్నారు. ఏడుపు వినడం మీకు ఎప్పుడు వచ్చు గనుక."

అది ఎత్తిపొడుపే. అయినా అందులో ఆయనకు ఒక పద్ధతి కనిపించింది. వినడం. టైపు కాగితానికి ముందు ఒక గొంతు ఉండాలి కదా. మూలాన్ని చూడకుండా ప్రతి మీద సంతకం పెట్టడం శాఖలో నేరం. పొద్దున ఆయన చేసింది అదే.

"అమర్, ఇది ఎక్కడి నుండి టైపు చేశారు?"

"వాయిస్ మెసేజ్ నుండి. కబురు తెలిసినప్పుడు ఆవిడ ఏడుస్తుంటే పక్కింటి వాళ్ళెవరో ఇక్కడే దోహాలో, మెసైమీర్‌లో ఉన్న వాళ్ళ అబ్బాయికి పంపారట. అక్కడి నుండి ఊరి గ్రూపులో పడి అందరి దగ్గరకూ పోయింది. మా ఆఫీసులో తెలుగు వచ్చిన టైపిస్టు ఉంటే అతనితో టైపు చేయించారు."

"అది నాకు వినిపించు."

అమర్ ఎవరికో ఫోను చేసి దాన్ని తెప్పించాడు. ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఫోనులో ముందు కోళ్ళ అలికిడి, ఎవరో తలుపు తోసిన చప్పుడు. ఆ తరువాత చిన్నవ్వ గొంతు. కాగితం మీద నాలుగు అక్షరాలున్న 'గజేందరూ' ఆమె గొంతులో ఊపిరి అయిపోయేదాకా సాగింది. ప్రతి మాట చివరా 'ఓ కొడుకా' అని ఒక దీర్ఘం. ఆ దీర్ఘం దగ్గర చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అందుకుంటున్నారు. వాళ్ళు అందుకున్నప్పుడు ఆమె ఊపిరి తీసుకుంటోంది. ఒక వంతు గజేందర్‌ది, మరొక వంతు దేవుడిది, మరొక వంతు మొగుడిది. ఎవరి వంతు వచ్చినా ఎత్తుగడ ఒక్కటే, దించే పద్ధతి ఒక్కటే. కొడుకును అన్నప్పటి కోపమే అంజన్నను అన్నప్పుడూ ఉంది. తనను తాను అనుకునేటప్పుడు మాత్రం గొంతు ఇంకా పైకి పోయి విరిగింది. ఆ తరువాత ఏమన్నదో ఎవరికీ తెలియదు.

శకుంతలమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రామమోహన్ గారు రెండోసారి వినిపించమన్నారు. ఈసారి కాగితం ముందు పెట్టుకుని, కలంతో గుర్తులు పెడుతూ విన్నారు. టైపు చేసిన కుర్రవాడు శుభ్రమైన మనిషి. మళ్ళీ మళ్ళీ వచ్చిన మాటలు, 'ఓ కొడుకా'లు, పక్కవాళ్ళ గొంతులు అన్నీ తీసివేశాడు. ఆ పైన శుభ్రమైన మనిషి తాను. దేవుణ్ణీ, మొగుణ్ణీ, చనిపోయినవాణ్ణీ, చివరకు ఆ తల్లినీ తీసివేశారు. ఇద్దరూ తుడిచి తుడిచి చివరకు ఒకే ఒక్క మనిషిని మిగిల్చారు.

ఆయన ఇంకొక తెల్లకాగితం తీసుకున్నారు. ఈసారి మాట విడవకుండా మొత్తం వ్రాశారు. మింగడాన్ని మింగడంగానే వ్రాశారు. ఆంగ్లంలో నప్పకపోతే ఆంగ్లమే సర్దుకుంటుందనుకున్నారు. దాని కింద ఇంతకు ముందు ఎన్నడూ వ్రాయని శీర్షిక వ్రాశారు. 'అనువాదకుని గమనిక'. ఇవి విచారణలో అడిగిన ప్రశ్నకు జవాబులు కావని, చావు కబురు వినగానే తెలుగు పల్లెల్లో స్త్రీలు రాగం తీస్తూ, సొంతవారిని ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి నిందిస్తూ ఏడ్చే ఆచారం ఉన్నదని, విన్నవారెవరూ దానిని ఆరోపణగా తీసుకోరని, ఈ మాటలను ఆ ఆచారం నుండి వేరుచేసి చదవరాదని వ్రాశారు. చొక్కా మార్చుకుని, "పద, ఆ ఆఫీసరు దగ్గరకు" అన్నారు అమర్‌తో.

సిబ్బంది విభాగం క్యాంపుకు కొంత దూరంలో ఉంది. తలుపు బయట వరండాలో బల్ల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నలభై దాటి ఉంటాయి, పల్చని మనిషి. అతనే గజేందరని అమర్ మెల్లగా చెప్పాడు. రామమోహన్ గారు అతని వైపు పూర్తిగా చూడలేక, చూసీ చూడనట్లు లోపలికి నడిచారు.

ఫర్హాన్ మర్యాదస్థుడు. కుర్చీ చూపించి, చాయ్ తెప్పించి, కొత్త కాగితాన్ని మొదటి నుండి చివరి దాకా చదివాడు. మాటలు ఆంగ్లంలో నడిచాయి.

"సార్, పొద్దుటి కాగితం మీదా మీ సంతకం ఉంది. దీని మీదా మీదే. నేను ఏది నమ్మాలి?"

"ఇది నమ్మండి. పొద్దుటిది నాకు తిరిగి ఇచ్చివేయండి."

"ఎందుకు మార్చారు? అమర్ మీ అబ్బాయి. కార్మికుల మీద ఆయనకు జాలి. నేను పైకి పంపితే వాళ్ళు అడిగేది ఇదే."

రామమోహన్ గారి చెవులు వేడెక్కాయి. తన అనువాదాన్ని ఒకరు శంకించడం ఆయన ఎరగరు. ఆ శంక సబబైనదే కావడం మరింత బాధగా ఉంది. ఆయన నిలబడి కాగితం మీద వేలు పెట్టారు.

"పొద్దున నేను తప్పు పద్ధతి వాడాను. ఇది కోర్టులో చెప్పిన మాట అనుకుని చదివాను. ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు, ఎందుకు అన్నారో అడగలేదు. జాలి సంగతి వదిలివేయండి. మీరు ఇది సాక్ష్యమేనంటే నాకు అభ్యంతరం లేదు, మొత్తం సాక్ష్యమని ఒప్పుకోండి. ఈ వాక్యంలో గజేందర్ మీద నేరం మోపింది. దీని కింద దేవుడి మీద మోపింది. ఇక్కడ ఎప్పుడో పోయిన భర్త కొడుకును పిలుచుకుపోయాడని అంటోంది. ఇక్కడ చనిపోయినవాడే మోసగాడు. చివర చూడండి, చంపింది తానేనని ఒప్పుకుంది. అందరిలోనూ నేరం ఒప్పుకున్న మనిషి ఈమె ఒక్కతే. మీ రిపోర్టు ఎవరి మీద వ్రాస్తారు?"

ఫర్హాన్ ఆ చివరి వాక్యం మళ్ళీ చదివాడు.

"మీ వైపు ఎలా ఏడుస్తారు?" అని అడిగారు రామమోహన్ గారు, ఈసారి మెత్తగా.

"మా తాత పోయినప్పుడు మా దాదీ ఆయనకు కప్పిన కఫన్ గుడ్డ మీద చెయ్యి వేసి, ధోకేబాజ్, మోసగాడా అన్నది. నన్ను వదిలి దొంగలా పోయావన్నది." అంతలోనే సర్దుకుని, "అది నేను రిపోర్టులో వ్రాయలేను" అన్నాడు.

"వ్రాయనక్కరలేదు. నా గమనిక ఉంది. దానికి బాధ్యత నాది."

ఫర్హాన్ ఆసుపత్రి కాగితాన్ని, కొత్త అనువాదాన్ని కలిపి ఒక పిన్ను కొట్టాడు. వైద్యులు సహజ మరణమని తేల్చినందున, తల్లి మాటలు సంతాపపు ఆచారంలో భాగమని అనువాదకుడు తెలిపినందున, సోదరుడికి సెలవు ఇవ్వడానికి అభ్యంతరం లేదని రెండు వరుసలు వ్రాసి సంతకం చేశాడు. పొద్దుటి కాగితాన్ని మడిచి రామమోహన్ గారి చేతికి ఇచ్చాడు. తరువాత తలుపు తీసి, "గజేందర్, యల్లా, ఆవో" అని పిలిచి, టికెట్టు సంగతి హిందీలో చెప్పి, వేలితో చూపించిన చోట సంతకం పెట్టించుకున్నాడు. గజేందర్ 'శుక్రియా సాబ్' అన్నాడు తప్ప, మొహంలో తేడా ఏమీ కనిపించలేదు.

కారు తీసుకురావడానికి అమర్ వెళ్ళాడు. రామమోహన్ గారు వరండా నీడలో నిలబడ్డారు. గజేందర్ వచ్చి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

"సార్, మీరే గద ఇంగ్లీషుల రాసింది."

"రెండుసార్లూ నేనే వ్రాశాను. మొదటిసారి వ్రాసింది సరి కాదు."

"ఆఫీసుల ఏం జెప్పిన్రో అమర్ సార్ ఇప్పుడే జెప్పిండు. అది ఒట్టి ఏడుపు, లెక్కల వెట్టద్దు అని గద."

"అవును."

"గా మాట ఆఫీసుకు సార్. నాకు జెప్పున్రి." అతను గోడకు ఆనుకున్నాడు. "మొన్నటి సంది క్యాంపుల అందరి ఫోన్లల్ల మా అవ్వనే. బువ్వ తింటుంటె పక్కటోని ఫోన్ల మా అవ్వ ఏడుస్తది. నన్ను సూడంగనే బంద్ జేస్తరు. తమ్మునికి వీసా నేనే తెప్పిచ్చిన. వద్దని ఆమె అన్నది కూడ నిజమే. మీరు చదువుకున్నోల్లు, కాయిదం మొత్తం సదివిన్రు. నన్ను అన్నది నిజంగనే అన్నదా, ఏడుపుల అన్నదా?"

తన సాయంతో చిక్కు వీడిందని అనుకుంటున్న రామమోహన్ గారికి అసలు ప్రశ్న ఇప్పుడే ఎదురైంది. లోపల చెప్పిన జవాబునే ఇక్కడా చెప్పవచ్చు. అది ఆచారం నాయనా, పట్టించుకోకు అంటే అతనికి కొంత ఊరట కలుగుతుంది. కానీ ఆయన ఆ గొంతును రెండుసార్లు విన్నారు. అందులో ఆచారం ఉంది. నిజమైన కోపం లేదని చెప్పడానికి మాత్రం ఆధారమేదీ లేదు.

"నాకు తెలియదు" అన్నారు. "ఆమె మనసులో ఏమున్నదో కాగితం చెప్పదు. ఎవరిని అన్నదో మాత్రం చెబుతుంది. విను." జేబులో నుండి టైపు కాగితం తీశారు. "నిన్ను అన్నది. అంజన్నను అన్నది. ఆయన ఆమెకు ఏమవుతాడు?"

"మా ఇలవేల్పు. ఏటా పోతది. మోకాళ్ళు నొత్తయంటె ఇనది."

"మీ నాయనను అన్నది. తమ్ముణ్ణి అన్నది. తనను అనుకున్నది. ఇంతే. మీకు వీసా అమ్మిన ఏజెంటు ఉంటాడు కదా, అతణ్ణి అన్నదా?"

"లేదు సార్."

"కంపెనీని? ఎండలో పని చేయించిన మేస్త్రీని? ఆసుపత్రి వాళ్ళను?"

"ఎవ్వల్ని అనలే." గజేందర్ కాగితం వైపు చూశాడు. చదువుతున్నాడో లేదో తెలియలేదు. "గాల్లు ఎవలు సార్ ఆమెకు. గాల్లను ఏమని అంటది."

"అదే. కాగితంలో నాకు కనిపించింది అంతవరకే. అంతకంటే ఎక్కువ చెబితే అది నా కల్పన అవుతుంది."

గజేందర్ దారి వైపు తిరిగాడు. క్యాంపు బస్సు మలుపు తిరిగి వస్తోంది. దుమ్ము రేగి, నిలిపి ఉంచిన లారీల మీదుగా సాగిపోయింది.

"వాకిట్ల అంబులెన్సు దిగంగనే మళ్ళ అంటది సార్" అన్నాడు.

"అనవచ్చు."

"అనవచ్చుడు కాదు, అంటది. ఊరందరి ముంగట నా అంగి గల్ల వట్టుకొని, తమ్ముణ్ణి మింగి వచ్చినవారా అంటది." అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "అననియ్యి. నేను ముంగట లేకపోతె ఎవని గల్ల వట్టుకుంటది మరి. ఉత్త పెట్టెకు గల్ల ఉంటదా."

బస్సు ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. గజేందర్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, సంచి సర్దుకోవాలని చెప్పి బస్సెక్కాడు.